పీఠిక: నాడీసంధిలో రసాయన దూతలు

నాడీకణానికీ దాని పొరుగున ఉన్న కణానికీ నడుమ ఉండే ఎడం మిల్లీమీటరులో సుమారు 50,000వ వంతు. ఆ ఎడాన్ని వార్త ఏ విధంగా దాటుతున్నదో నిర్ధారించడానికి మూడు తరాల పరిశోధకులు తమ ఆయుష్షును ధారపోశారు. ఆ నిర్ధారణ నుంచి ప్రభవించిన ఔషధవిజ్ఞానం ఈనాడు మన ఊళ్ల ఆసుపత్రుల మందుల బీరువాల దాకా వచ్చి చేరింది. ఇంతటి విషయాన్ని ఆమూలాగ్రంగా, సప్రమాణంగా, వైద్యవిద్యార్థికీ సామాన్య జిజ్ఞాసువుకూ సమానంగా అందేటట్లు తెలుగులో వివరించిన ఈ గ్రంథానికి పీఠిక వ్రాయవలసిందని చిరంజీవి గ్రంథకర్త్రి కోరినప్పుడు, వ్రాతప్రతిని ఆసాంతం చదివిన తరువాతనే నా మాట చెబుతానన్నాను. చదివాను. ఈ పుటలు ఆ పఠనఫలం.

గ్రంథకర్త్రి నాకు కొత్త కాదు. శరీరధర్మశాస్త్రంలో నా వద్ద విద్యాభ్యాసం చేసి, అనంతరం అదే శాస్త్రాన్ని చిరకాలం బోధించి, బోధన వల్ల మాత్రమే అబ్బే ఒక గుణాన్ని, అంటే విద్యార్థి ఎక్కడ తడబడతాడో ముందుగానే ఎరిగి అక్కడ ఆగే గుణాన్ని, సంపాదించుకున్న విదుషీమణి. ఆమె రచనలో నేను ప్రథమంగా గౌరవించేది పద్ధతిని. నైయాయికులు పదార్థాలను పరిగణించినప్పుడు ప్రమాణాన్ని మొదట, ప్రమేయాన్ని తరువాత నిలిపారు; వస్తువు ఏదో చెప్పబోయే ముందు అది తెలిసే మార్గమేదో చెప్పడం మన శాస్త్రసంప్రదాయంలో మర్యాద. వైద్యకళాశాలల పాఠ్యపుస్తకాలు ఆ మర్యాదను చాలావరకు విడిచిపెట్టాయి. ఎసిటైల్‌కోలిన్ అనే ద్రవ్యం ఉన్నదని, అది కండరాన్ని కదిలిస్తుందని రెండు వాక్యాల్లో చెప్పి విద్యార్థిని పరీక్షకు పంపుతాయి. ఈ గ్రంథంలో ఏ సిద్ధాంతమూ ఒంటరిగా రాదు. దాన్ని ఎవరు, ఏ సంవత్సరంలో, ఏ జంతువు మీద, ఏ సందేహంతో పరీక్షించారో ఆ వృత్తాంతమంతా దాని వెంట నడిచి వస్తుంది.

ఈ సిద్ధాంతాల వంశచరిత్ర 1873లో ఇటలీలో మొదలవుతుంది. వెండి లవణాలతో మెదడు కణజాలానికి రంగు పట్టించే విధానాన్ని కమిల్లో గోల్జీ ఆ ఏడు ప్రకటించాడు. ఆ విధానంలో అసంఖ్యాకమైన కణాల నుంచి ఏవో కొన్ని మాత్రమే కొమ్మలు రెమ్మలతో సహా నల్లగా బయటపడతాయి. తక్కినవి కనిపించవు కనుకనే కనిపించినవి స్పష్టంగా కనిపిస్తాయి. స్పెయిన్ దేశీయుడు శాంటియాగో రామోన్ ఇ కహాల్ ఆ విధానాన్నే మెరుగుపరచి, సూక్ష్మదర్శినిలో చూచిన ప్రతి రూపాన్నీ స్వహస్తంతో చిత్రించుకొంటూ, నాడీకణాలన్నీ ఒకే వలగా కలిసిపోయాయన్న గోల్జీ మతాన్ని ఖండించి, ఏ కణానికా కణం విడిగా నిలిచి ఉంటుందని స్థాపించాడు. 1906లో నోబెల్ బహుమతిని ఇద్దరూ కలిసి అందుకున్నారు. ఆ వేదిక మీద సైతం గోల్జీ తన వల సిద్ధాంతాన్నే సమర్థించుకున్నాడు. కణాలు వేరువేరని తేలిన పిమ్మట సంధిస్థానం ఒకటి ఉండక తప్పదు. షెరింగ్టన్ 1897 నాటికే దానికి సైనాప్స్ అని నామకరణం చేశాడు. పేరు ఏర్పడింది గాని, వార్త దాటే విధం తెలియలేదు. విద్యుత్తే దూకుతుందని ఒక పక్షం, ద్రవ్యమేదో స్రవిస్తుందని ఒక పక్షం నిలిచి, ఆ వాదం అర్ధశతాబ్ది కాలం సాగింది.

ద్రవ్యపక్షానికి తొలి పలుకు 1904లో యువకుడైన ఇలియట్‌ది: నాడీప్రేరణ వచ్చిన ప్రతిసారీ కొన్ని నాడుల కొనల వద్ద ఎడ్రినలిన్ వెలువడుతుందేమోనని అతడు ఊహించాడు. 1914లో హెన్రీ డేల్ ఎసిటైల్‌కోలిన్ గుణాలను సవిస్తరంగా పరిశీలించి, అది శరీరంలో కలిగించే మార్పులు కొన్ని నాడులను ప్రేరేపించినప్పుడు కలిగే మార్పులను అచ్చంగా పోలి ఉన్నాయని చూపించాడు. అయితే ఆ ద్రవ్యం జంతుదేహంలో సహజంగా ఉన్నదన్న ఆధారం అప్పటికి లేదు. డేల్ ఊహాపోహలకు దిగలేదు. ఆధారం కోసం ఆగాడు. గ్రంథకర్త్రి ఈ ఆగడాన్ని ప్రత్యేకించి ప్రశంసించింది. నేనూ ప్రశంసిస్తాను.

ద్రవ్యపక్షానికి ప్రత్యక్షాధారాన్ని అందించినవాడు ఆస్ట్రియాలోని గ్రాట్స్ నగరంలో ఔషధశాస్త్రాచార్యుడు ఆటో లోవీ. ఈస్టరు పండుగ వేళ ఒక రాత్రి నిద్రలో తోచిన ప్రయోగాన్ని కాగితం మీద గీకి, తెల్లవారి ఆ వ్రాతను తానే చదువుకోలేక, మరునాటి రాత్రి మూడు గంటలకు అదే ఆలోచన మళ్లీ తోచగా వెంటనే లేచి ప్రయోగశాలకు వెళ్లిన ఆయన కథ లోకప్రసిద్ధం. ప్రయోగం మాత్రం అతి సరళం. రెండు కప్పల గుండెలు. మొదటిదానికి వేగస్ నాడి ఉంది, రెండవదానికి నాడులు లేవు. మొదటి గుండెలో రింగర్ ద్రావణం నింపి, నాడిని కొన్ని నిమిషాలు ప్రేరేపించగా అది మందగించింది. ఆ ద్రావణాన్ని తీసి రెండవ గుండెలో పోయగా, ఏ నాడీ తాకని ఆ గుండె కూడా మందగించింది. వేగాన్ని పెంచే నాడిని ప్రేరేపించి తీసిన ద్రావణం రెండవ గుండెను వేగిరపరచింది. 1921లో ఇది ప్రకటితమైంది. ఇతరుల చేతుల్లో కొన్నిచోట్ల విఫలమైనందువల్ల, 1926లో స్టాక్‌హోంలో సాటి విద్వాంసుల ఎదుట లోవీ స్వయంగా చేసి చూపవలసి వచ్చింది. పగటి వేళ నిదానంగా ఆలోచించి ఉంటే ఈ ప్రయోగాన్ని తానే త్రోసిపుచ్చేవాడినని ఆయన తరువాత చెప్పుకున్నాడు; అంత స్వల్పపరిమాణంలో వెలువడే ద్రవ్యం ద్రావణంలోకి పొంగిపొరలి వస్తుందని ఎవరు నమ్ముతారు?

నా తరం అధ్యాపకులు ఈ సత్యాన్ని మసి పట్టిన డ్రమ్ము మీద చదువుకున్నారు. నున్నని కాగితాన్ని డ్రమ్ముకు చుట్టి, పొగమంట మీద తిప్పి నల్లగా మసి పట్టించి, కప్ప గుండె కొనకు తగిలించిన దారాన్ని మీటకు కట్టి, మీట మొనను ఆ మసికి ఆనించేవాళ్లం. డ్రమ్ము తిరుగుతూ ఉంటే ఒక్కొక్క స్పందన ఒక్కొక్క తెల్లని గీతగా లేచేది. అప్పుడు ఎసిటైల్‌కోలిన్ ఒక చుక్క వేస్తే గీతలు పొట్టివై, ఎడమై, కాసేపటికి మొన సమరేఖలో సాగిపోయేది. రింగర్ ద్రావణంతో కడగగా గుండె మళ్లీ లేచేది. ముందుగా అట్రోపిన్ వేసి ఉంచిన గుండె మీద అదే చుక్క వేస్తే ఏమీ జరిగేది కాదు. ఆ ఏమీ జరగకపోవడంలోనే గ్రాహక సిద్ధాంతమంతా ఉన్నదని విద్యార్థులకు చెప్పేవాడిని: ద్రవ్యం వచ్చింది, దాన్ని అందుకొనవలసిన స్థానాన్ని మరొక ద్రవ్యం ఆక్రమించి ఉన్నది. ఇప్పుడు కళాశాలల్లో కప్పలను వాడడం లేదు. ప్రాణిదయ దృష్ట్యా అది యుక్తమే. అయితే ఆ తెల్లని గీతలను కళ్లారా చూడని విద్యార్థికి ఈ గ్రంథంలోని మూడవ ప్రకరణం దాదాపు ఆ దర్శనాన్ని కలిగిస్తుంది. మీట మొన మసిని గీకే సవ్వడితో సహా ఆమె వర్ణించింది.

లోవీ తరువాతి ఘట్టం జలగది. ఎసిటైల్‌కోలిన్ పుట్టిన క్షణాల్లోనే దాన్ని ఛేదించే ఎంజైము దేహంలో ఉన్నందున దాన్ని పట్టుకోవడం దుర్ఘటం. ఎసరిన్ అనే ద్రవ్యంతో ఆ ఎంజైమును అణచి, ఎసరిన్‌లో నానిన జలగ వీపుకండరాన్ని కొలమానంగా వాడితే అత్యల్పమైన ఎసిటైల్‌కోలిన్‌కు కూడా ఆ కండరం ముడుచుకొంటుంది. ఈ విద్యను లండనుకు తీసుకువచ్చినవాడు విల్‌హెల్మ్ ఫెల్డ్‌బెర్గ్. యూదుడైనందుకు 1933లో బెర్లిన్‌లో ఉద్యోగం పోగొట్టుకొని డేల్ పరిశోధనశాలలో ఆశ్రయం పొందిన ఆయన, అక్కడ గడిపిన మూడేళ్లలో డేల్, గాడం, మార్తే ఫోగ్ట్ ప్రభృతులతో కలిసి, నాడీగ్రంథుల్లోనూ కండరాలను కదిలించే నాడుల కొనల్లోనూ ఎసిటైల్‌కోలిన్ విడుదలను నిరూపించాడు. 1936లో లోవీ, డేల్ నోబెల్ బహుమతిని పంచుకున్నారు. రెండేళ్లు తిరగకుండానే ఆస్ట్రియా హిట్లరు వశమైంది, లోవీని నిర్బంధించారు, స్టాక్‌హోం బ్యాంకులో ఉన్న బహుమతి ధనాన్ని నాజీల అధీనంలోని బ్యాంకుకు బదిలీ చేసిన తరువాతనే దేశం విడిచిపోనిచ్చారు. చెరలో ఉండగా తన చివరి ప్రయోగఫలం తనతోనే నశించిపోతుందేమోనని బెంగపడి, కావలివాని అనుమతితో దాన్ని ఒక పోస్టుకార్డు మీద వ్రాసి పత్రికకు పంపించాడాయన. విద్యను ప్రాణం కంటె మిన్నగా భావించిన పండితుల గాథలు మన దేశంలో వినని వారుండరు. ఆ కోవలో ఈ పోస్టుకార్డుకు కూడా స్థానం ఉన్నది.

ఐదవ ప్రకరణాన్ని నేను గ్రంథహృదయంగా భావిస్తున్నాను. హిట్లరు జర్మనీ నుంచే తరలివచ్చిన బెర్నార్డ్ కాట్జ్, లండన్ యూనివర్సిటీ కాలేజీలో పాల్ ఫాట్‌తో కలిసి, కప్ప కండరంలో నాడి కొన తగిలే చోట సన్నని గాజు ఎలక్ట్రోడును గుచ్చి చూస్తుండగా, నాడిని ఏమాత్రం కదిలించకపోయినా, అప్పుడప్పుడు అర మిల్లీవోల్టు పరిమాణంలో చిన్న చిన్న విద్యుత్ తరంగాలు కనిపించాయి. యంత్రదోషమని వదిలివేయదగినవే. వారు వదలలేదు. 1954లో కాట్జ్, హోసే దెల్ కాస్తియోతో కలిసి, ద్రావణంలో కాల్షియాన్ని తగ్గించి, నాడి స్పందనను క్షీణింపజేయగా, ఆ స్పందన ఆ చిన్న తరంగానికి ఒక రెట్టుగా, రెండు రెట్లుగా, మూడు రెట్లుగా మాత్రమే వచ్చింది గాని మధ్యస్థ పరిమాణాల్లో రాలేదు. కళ్లంలో ధాన్యాన్ని కుంచంతో కొలిచినట్లుగా నాడి తన ద్రవ్యాన్ని నిండు కుంచాల లెక్కనే కొలిచి పోస్తుంది, అరకుంచమన్నది లేదు. ఆ రోజుల్లోనే ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో నాడి కొనల లోపల మిల్లీమీటరులో ఇరవై వేలవ వంతు వ్యాసం గల గుండ్రని పొరసంచులు గుంపులుగా కనిపించాయి. లెక్కగా తెలిసినదీ కంటికి కనిపించినదీ ఒకే వస్తువైంది. ఇటువంటి సమన్వయం శాస్త్రచరిత్రలో అరుదు.

విద్యుత్పక్షానికి అగ్రనాయకుడు జాన్ ఎకల్స్. 1951లో న్యూజిలాండులో పిల్లి వెన్నుపాములోని నాడీకణం లోపలికే ఎలక్ట్రోడును పంపి, నిరోధక ప్రేరణ వచ్చినప్పుడు తన సిద్ధాంతం చెప్పిన దిశకు సరిగా విరుద్ధదిశలో వోల్టేజి మారడాన్ని చూచి, ఏళ్ల తరబడి తాను సమర్థించిన పక్షాన్ని ఆయన స్వయంగా విడిచిపెట్టి ద్రవ్యపక్షంలోకి వచ్చాడు. వాదంలో ఓటమిని ఇంత నిస్సంకోచంగా అంగీకరించి, ఆ వెంటనే విజేతల పక్షాన అగ్రశ్రేణి కృషి చేసినవారు బహుకొద్దిమంది.

ఇంత చరిత్ర తరువాత ఆరవ ప్రకరణంలో వచ్చే ప్రక్రియావర్ణన సహజంగా ఒదిగిపోతుంది. విద్యుత్ప్రేరణ నాడి కొనను చేరడం, అక్కడ ద్వారాలు తెరుచుకొని కాల్షియం లోపలికి రావడం, పొరసంచులు కణం అంచున లయమై ఒక్కొక్కటి కొన్ని వేల అణువులను ఎడంలోకి వెలువరించడం, అవి ఆవలి ఒడ్డున గ్రాహకాలను చేరడం, అనంతరం ఎంజైము వల్ల ఛిన్నమో, నాడి చేత తిరిగి పీల్చబడో తొలగిపోవడం – ఇదంతా సెకనులో వెయ్యవ వంతుల్లో జరుగుతుంది. ఈ తొలగిపోవడాన్ని ఆమె మిగిలిన దశలకంటె విపులంగా వ్రాసింది. అది ఉచితం. పంపిన వార్తను చెరపకపోతే తరువాతి వార్తకు చోటుండదు.

ఏడవ ప్రకరణంలో భారతదేశ ప్రసక్తి వస్తుంది. అది అతికించిన ప్రసక్తి కాదు. సర్పగంధ వేరును ఉన్మాదానికీ రక్తపోటుకూ వాడవచ్చునని 1931లో గణనాథ సేన్, కార్తిక్ చంద్ర బోస్ ప్రకటించారు. బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ 1949లో దాని రక్తపోటు గుణాన్ని బ్రిటిష్ పత్రికలో నిరూపించాడు. 1952లో స్విట్జర్లాండులో దాని నుంచి రిసర్పిన్‌ను వేరుచేశారు. ఆ రిసర్పిన్ ఇచ్చిన కుందేళ్లు కదలిక లేక పడిపోగా, డోపా అనే ద్రవ్యంతో వాటిని స్వీడన్ శాస్త్రజ్ఞుడు ఆర్విడ్ కార్ల్‌సన్ 1957లో తిరిగి లేపాడు. డోపమిన్ స్వయంగా ఒక దూత అన్న ఎరుకకు అది నాంది. 1960లో వియన్నాలో హోర్నికియెవిచ్ పార్కిన్సన్ రోగుల మెదళ్లలో డోపమిన్ లోపాన్ని కనుగొన్నాడు. మరుసటి ఏడు అక్కడే ఎల్-డోపా సూది వేయగా మంచం పట్టిన రోగులు లేచి నడిచారు. ఆ ఎల్-డోపానే 1937లో మద్రాసులో దామోదరన్, రామస్వామి అనే రసాయనజ్ఞులు దూలగొండి గింజల నుంచి వేరుచేసి ఉంచారు. మన చేలగట్ల మీద ఒంటికి తగిలితే దురద పుట్టించే ఆ కాయల్లో ఏమున్నదో వారికి తెలుసు. అది ఎవరిని నడిపిస్తుందో తెలియడానికి కాలం రావలసి ఉండింది.

అదే ప్రకరణంలో ఎల్లాప్రగడ సుబ్బారావు గారికి దక్కిన పుటలు నాకు ఆనందం కలిగించాయి. 1895లో భీమవరంలో జన్మించి, హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి 1929లో ఎటిపిని వెలికితీసినవారిలో ఒకరైన ఆ మహనీయుడు దాన్ని కండరశక్తికి సంబంధించిన ద్రవ్యంగానే ఎరిగాడు. 1972లో మెల్‌బోర్న్‌లో జెఫ్రీ బర్న్‌స్టాక్ ఆ ఎటిపి కూడా నాడుల నుంచి వెలువడే దూతేనని ప్రతిపాదించినప్పుడు శాస్త్రలోకం విశ్వసించలేదు. దాని గ్రాహకాలు జన్యుస్థాయిలో లభించిన 1990ల దాకా ఆయన పట్టు విడవలేదు. పొరసంచుల్లో దూతలను నింపే పనికి ఇంధనమూ ఎటిపియే, కొన్నిచోట్ల దూతా తానే. భీమవరం నుంచి బయలుదేరిన ఒక జీవితకృషి ఈ గ్రంథవిషయాన్ని రెండు విధాల స్పృశించిందని తెలుగు పాఠకుడు తెలుసుకోవడం న్యాయం.

ఎనిమిదవ ప్రకరణం వైద్యునిది. మన పల్లెల్లో పురుగుల మందు మింగినవారిని ఆసుపత్రికి తెచ్చినప్పుడు కనిపించే లక్షణాలు – సూదిమొనంతకు కుంచించుకుపోయిన కంటిపాపలు, నోట నురగ, ఒళ్లంతా చెమట, కండరాల అదురు, ఊపిరితిత్తుల్లో స్రావాలు – అన్నీ ఒకే కారణం నుంచి పుడతాయి: ఆర్గనోఫాస్ఫేటు ద్రవ్యం ఎసిటైల్‌కోలిన్‌ను ఛేదించే ఎంజైమును బంధిస్తుంది, చెరగవలసిన వార్త చెరగదు. డ్యూటీ డాక్టరు స్టెతస్కోపు పెట్టి ఛాతీ పొడిబారే వరకు అట్రోపిన్ ఇస్తూ పోవడానికి హేతువు ఇది. అట్రోపిన్ కండరాల మీది గ్రాహకాలను కాపాడలేదు కనుక శ్వాసయంత్రం అవసరపడటానికి హేతువూ ఇదే. నిద్రిస్తున్నవారిని కరిచే కట్లపాము విషం నాడి కొనలనే ధ్వంసం చేస్తుంది. కాటు నొప్పి దాదాపు ఉండదు, తెల్లవారేసరికి కనురెప్పలు వాలిపోతాయి. ధనుర్వాతంలో క్రిమివిషం వెన్నుపాములోకి ఎక్కి, నిరోధక దూతలు పొరసంచుల నుంచి విడుదల కాకుండా అడ్డుకొంటుంది. అందువల్లనే దేహం విల్లులా వంగిపోతుంది. మూడు విపత్తులు, నాడీసంధి పనిలో మూడు వేర్వేరు స్థానాలు. ఈ ప్రకరణాన్ని ప్రాథమిక ఆరోగ్యకేంద్రంలో పనిచేసే యువవైద్యులకు నేను సంకోచం లేకుండా సిఫారసు చేస్తాను.

లోపాలను చెప్పకుండా ముగించడం పీఠికాధర్మం కాదు. మెదడులో ప్రేరక వార్తలకు అత్యధికంగా వాడుకలో ఉన్న గ్లూటమేటుకూ, నిరోధక వార్తలకు ప్రధానమైన గాబాకూ చివరి ప్రకరణంలో దక్కిన పుటలు వాటి ప్రాముఖ్యానికి చాలవు. ద్వితీయ ముద్రణలో వాటిని విస్తరించవలసిందని ఆమెకు చెప్పాను, అంగీకరించింది. ఒక సంయమనానికి మాత్రం నిండుగా అభినందిస్తున్నాను. దిగులు జబ్బు అంటే మెదడులో సెరటోనిన్ తగ్గడమేనని జనశ్రుతిలో స్థిరపడిపోయిన మాటను ఆమె సిద్ధాంతంగా వ్రాయలేదు. సెరటోనిన్ తిరిగి పీల్చబడకుండా నిలిపే మందులు అనేకమంది రోగులకు ఉపకరిస్తున్నాయి; అంతమాత్రాన ఆ లోపమే వ్యాధికి మూలమని నిరూపణ కాలేదు. నిరూపితమైనదానికీ ఊహితమైనదానికీ మధ్య గీతను చెరిపివేయకపోవడం డేల్ నుంచి మనకు వచ్చిన శిష్టాచారం. ఆమె దాన్ని పాటించింది.

వైద్యవిద్యార్థులు ఐదవ, ఆరవ ప్రకరణాలను పెన్సిలు పట్టుకొని రెండుసార్లు చదవాలి. తక్కినవారు మొదటి నుంచి వరుసగా చదువుకోవచ్చును. తొందర అవసరం లేదు. పల్లెల్లో నివసించే పాఠకులకు నాదొక మనవి: ఎనిమిదవ ప్రకరణంలో పురుగుల మందు గురించీ కట్లపాము కాటు గురించీ వ్రాసిన పుటలను ఇంట్లో వారందరికీ పైకి చదివి వినిపించండి, కాటు నొప్పి లేదని తెల్లవారే దాకా ఆగకుండా, ఆ రాత్రే ఆసుపత్రికి బయలుదేరాలని వారికి చెప్పండి.